ఒకే తప్పు, రెండు కారణాలు

ఈ ప్రసంగం వింటున్నవారిలో సార్లు ఉంటారు, టీచరమ్మలు ఉంటారు. పిల్లల్ని సర్కారు బడికి పంపే తల్లిదండ్రులు ఉంటారు. సాయంత్రం మనవరాలు పుస్తకం తెరిస్తే పక్కన కూర్చుని వినే తాతలు, అమ్మమ్మలు ఉంటారు. ఈ పూట మీ అందరితో ఒక్క సంగతే మాట్లాడతాను. మూడో తరగతి తెలుగు పాఠం. ఒకే గది. ముప్పై మంది పిల్లలు. అందరి చేతిలో అదే పేజీ. ఆ పేజీ కొందరికి అందదు. కొందరికి సరిగ్గా సరిపోతుంది. ఇంకొందరు ఎప్పుడో చదివేశారు. ఇప్పుడు టీచర్ ఎవరిని చూసి పాఠం చెప్పాలి? ఎవరి స్థాయికి తగ్గట్టు వారికి చెప్పాలంటారు విద్యావేత్తలు. అమెరికాలో వర్జీనియా విశ్వవిద్యాలయ ఆచార్యురాలు కెరొల్ ఆన్ టాంలిన్‌సన్ 1990లలో దీనిమీద పుస్తకాలు రాశారు. బీఈడీ, డీఈడీ చదివినవాళ్లు డిఫరెన్షియేటెడ్ ఇన్‌స్ట్రక్షన్ అన్న మాట వినే ఉంటారు. మనం స్థాయికి తగ్గ బోధన అనుకుందాం. వినడానికి బాగానే ఉంది. కానీ స్థాయి అంటే ఏమిటి? దాన్ని పట్టుకోవడం ఎట్లా? చిక్కంతా అక్కడే ఉంది.

ఒక తరగతి గదిని ఊహించుకోండి. మన చుట్టుపక్కల ఏ ఊరైనా సరే. టీచర్ బోర్డు మీద ఒక వాక్యం రాశారు. రైతు పొలంలో విత్తనాలు చల్లాడు. ఒక పాప లేచింది. రైతు అంది. పొలంలో అని కూడబలుక్కుంది. విత్తనాలు దగ్గర ఆగిపోయింది. త కింద త వత్తు ఇంకా పట్టుబడలేదు. అదే వాక్యం మీరు చదివి వినిపించండి. వడ్లయితే చల్లుతరు సార్, పత్తిగింజలు చల్లరు, పెడతరు అని ఆ పాప మీకే పాఠం చెబుతుంది. ఇప్పుడు ఒక బాబు లేచాడు. తండా నుంచి వస్తాడు. ఇంట్లో మాట్లాడేది గోర్ బోలి, అంటే లంబాడీ భాష. అక్షరాలు గట్టిగా నేర్చుకున్నాడు. గుణింతాలు వచ్చు, వత్తులు వచ్చు. వాక్యం గడగడా చదివేశాడు. రైతు ఏం చేశాడు నాయనా అని అడిగితే మాత్రం టీచర్ మొహం చూస్తూ నిలబడ్డాడు. చల్లడం అనే మాట అతనికి ఇంకా పరిచయం కాలేదు. తండా పిల్లలందరూ ఇంతే అనడం లేదు. బడికి రాకముందే రెండు భాషలు గలగలా మాట్లాడేవాళ్లు బోలెడంత మంది ఉన్నారు. ఈ ఒక్క బాబు సంగతి చూడండి. చదివి జవాబు రాయమని పరీక్ష పెడితే ఆ పాప రాయలేదు, ఈ బాబూ రాయలేదు. రిజిస్టరులో ఇద్దరికీ ఒకే గ్రేడు పడుతుంది. ఇద్దరిదీ ఒకే తప్పు. కారణాలు మాత్రం రెండు.

ఈ రెండు కారణాలకూ ఒక సిద్ధాంతం ఉంది. 1986లో గఫ్, టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు చదవడం అంటే ఏమిటో చాలా సూటిగా చెప్పారు. అక్షరాన్ని పలకగలగడం ఒకటి. విన్న భాష అర్థం కావడం ఒకటి. ఈ రెండింటినీ గుణిస్తే వచ్చేదే చదువు. గుణిస్తే అన్నారు, గమనించండి. కూడితే అనలేదు. కూడికలో ఒకటి సున్నా అయినా రెండోది మిగులుతుంది. గుణకారంలో ఒకటి సున్నా అయితే మొత్తం సున్నాయే. పాప దగ్గర భాష నిండుగా ఉంది, అక్షరం తక్కువ. బాబు దగ్గర అక్షరం నిండుగా ఉంది, భాష తక్కువ. మన లిపికి ఒక మంచి గుణం ఉంది. ఎట్లా రాస్తామో దాదాపు అట్లాగే పలుకుతాం. వర్ణమాల, గుణింతం, వత్తులు వస్తే ఏ మాటనైనా పైకి చదివేయొచ్చు. ఆ మంచి గుణమే ఒక్కోసారి మన కళ్లకు గంతలు కడుతుంది. గడగడా చదివిన పిల్లవాడికి చదువు వచ్చేసిందని సంతోషిస్తాం. ఇది ఇవాళ్టి పొరపాటు కాదు. 1823లో బళ్లారి కలెక్టరు క్యాంప్‌బెల్ తన జిల్లాలోని తెలుగు, కన్నడ వీధి బడుల మీద ఒక నివేదిక రాశాడు. వాడుకలో లేని భాషలో ఉన్న పద్యాలను పిల్లలు అర్థం తెలియకుండానే వల్లిస్తున్నారని విమర్శించాడు. అదే నివేదికలో ఒక పద్ధతిని మెచ్చుకున్నాడు కూడా. ముందు నేర్చిన పిల్లలు వెనక వచ్చినవాళ్లకు నేర్పడం. ఆ బడుల్లో ఒకటో తరగతి, రెండో తరగతి అనే గీతలు లేవు. ఒకే అరుగు మీద ఇసుకలో అక్షరం దిద్దేవాడు ఒకడు, పద్యం చదివేవాడు ఒకడు. ఎవరి పాఠం వారిది. అంతమాత్రాన అదేదో స్వర్ణయుగం అనుకోనక్కర్లేదు. ఆ అరుగు ఎక్కడానికి ఎన్ని కులాలకు అనుమతి లేదో, ఆడపిల్లలు ఎంతమంది కనిపించేవారో మనకు తెలుసు. కాకపోతే ఒకే వయసు పిల్లలందరూ ఒకే రోజు ఒకే పేజీలో ఉండాలన్న నియమం మన ఊళ్లకు అనాదిగా వచ్చింది కాదని మాత్రం ఇక్కడ తెలుస్తోంది.

ఇక ఆ స్థాయిని పట్టుకోవడం ఎట్లాగో చూడటానికి రష్యా పోదాం. మనస్తత్వ శాస్త్రవేత్త లెవ్ వైగోట్‌స్కీ. 1934లో క్షయ వ్యాధితో చనిపోయాడు. అప్పటికి నలభై ఏళ్లు కూడా లేవు. ఆయన ఇచ్చిన ఒక ఉదాహరణ వినండి. ఇద్దరు పదేళ్ల పిల్లలు. పరీక్ష పెడితే ఇద్దరూ ఎనిమిదేళ్ల పిల్లల లెక్కలే చేయగలిగారు. ఇద్దరూ సమానమే అనుకుంటాం. అప్పుడు వైగోట్‌స్కీ ఇంకొక పని చేయమంటాడు. ఇద్దరికీ కొంచెం సాయం చేయండి. ఒక ప్రశ్న అందించండి, మొదటి మెట్టు చూపించండి. సాయం అందగానే ఒకరు పన్నెండేళ్ల పిల్లల లెక్క దాకా పోయారు. ఇంకొకరు తొమ్మిదేళ్ల వాళ్ల లెక్క దగ్గరే ఆగారు. మరి ఇద్దరూ సమానమేనా? పిల్లలు ఒంటరిగా చేయగలిగేదానికీ, తోడు ఉంటే చేయగలిగేదానికీ మధ్య ఉన్న ఆ జాగాను ఆయన ఒక పేరు పెట్టి చూపించాడు. డీఈడీ పుస్తకాల్లో దాన్ని సామీప్య వికాస మండలం అంటారు. పేరు నోరు తిరగకపోయినా ఫరవాలేదు. విషయం గుర్తుంచుకుంటే చాలు. నేర్చుకోవడం ఆ జాగాలోనే జరుగుతుంది. దానికి కిందుగా చెబితే పిల్లలకు విసుగు. దానికి పైగా చెబితే బెదురు. మామూలు పరీక్ష ఆ జాగాను చూపించదు. పిల్ల ఒంటరిగా ఎక్కడ ఆగిందో మాత్రమే చూపిస్తుంది.

వైగోట్‌స్కీ మాటను 1976లో వుడ్, బ్రూనర్, రాస్ అనే ముగ్గురు ఇంకొంచెం ముందుకు తీసుకెళ్లారు. గోడ లేపేటప్పుడు మేస్త్రీ నిలబడటానికి కర్రలతో పరంజా కడతారు కదా. పిల్లకు పెద్దలు చేసే సాయం అలాంటిదన్నారు. మన బళ్లలో మరిచిపోయేది పరంజా విప్పడం. అక్షరాల కింద వేలు పెట్టి చదివించడం ఒక సాయం. బొమ్మ చూపించడం ఒక సాయం. టీచర్ ముందు చదివితే పిల్లలు వెనక పలకడం కూడా సాయమే. అదే సాయం మూడేళ్లు సాగితే మాత్రం పిల్ల టీచర్ గొంతును చదువుతుంది, పేజీని చదవదు.

ఇంతవరకూ చెప్పినదాంట్లో ఒక మాట మళ్లీ చెబుతాను. పిల్లలు వేర్వేరు చోట్ల ఉన్నారు. వేర్వేరు చోట్ల. వేర్వేరు రకాలు అనలేదు నేను. స్థాయికి తగ్గ బోధన గురించి మాట్లాడేవాళ్లలో చాలామంది రకాల గురించే మాట్లాడతారు. ఈ పిల్ల చూసి నేర్చుకునే రకం, ఆ పిల్లవాడు విని నేర్చుకునే రకం, వీడు చేత్తో చేసి నేర్చుకునే రకం అని. శిక్షణ తరగతుల్లో ఈ మాట బాగా చెలామణీ అయింది. 2008లో పాష్లర్, ఆయన తోటి మనస్తత్వ శాస్త్రవేత్తలు దీనిమీద వచ్చిన పరిశోధనలన్నీ తిరగేశారు. రకాన్ని బట్టి చెబితే పిల్లలు మెరుగ్గా నేర్చుకుంటారనడానికి నమ్మదగిన రుజువు దొరకలేదు. బహుముఖ ప్రజ్ఞల సిద్ధాంతం చెప్పిన హోవార్డ్ గార్డ్‌నర్ కూడా, తన సిద్ధాంతాన్ని ఈ రకాలతో కలపొద్దని చెప్పాల్సి వచ్చింది. నా మటుకు నాకు ఈ రకాల మాట ప్రమాదకరంగానే తోస్తుంది. రకం అంటే పుట్టుకతో వచ్చింది. అది మారదు. చోటు అట్లా కాదు. ఇవాళ ఇక్కడ ఉన్న పిల్ల వచ్చే నెలకు అక్కడ ఉంటుంది. వత్తుల దగ్గర ఆగిన పాపకు వత్తులు చెబితే ముందుకు పోతుంది. వినికిడి రకం అని పేరు పెట్టి రోజూ కథలు మాత్రమే వినిపిస్తే వత్తు ఎప్పుడు వస్తుంది?

సిద్ధాంతం సరే, పని చేస్తుందా? మన దేశంలోనే దీన్ని పరీక్షించి చూశారు. 1990లలో ముంబైలో మొదలైన ప్రథమ్ సంస్థ ముంబై, వడోదరల్లో మూడు, నాలుగు తరగతుల్లో వెనకబడిన పిల్లలను రోజూ కాసేపు విడిగా కూర్చోబెట్టింది. బాల్‌సఖి అనే పేరుతో అదే బస్తీకి చెందిన చదువుకున్న అమ్మాయి వాళ్లకు మొదటి నుంచి నేర్పేది. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో ఫలితాలు కొలిచారు. తర్వాత 2019లో మైఖేల్ క్రెమర్‌తో కలిసి ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్నది వీళ్లే. బాల్‌సఖి దగ్గరికి పోయిన పిల్లలు బాగా ముందుకు వచ్చారు. ఇంకొక ఫలితం కూడా ఉంది, అది నాకు ఇంతకంటే ఆసక్తిగా అనిపించింది. ఆ పిల్లలు వెళ్లిపోవడంతో తరగతి గదిలో పిల్లలు తగ్గారు. టీచరుకు కాస్త ఊపిరాడింది. అయినా మిగిలిన పిల్లల చదువులో చెప్పుకోదగ్గ మార్పేమీ రాలేదు. అంటే గదిలో పిల్లలు తగ్గితే సరిపోదు. చెప్పే పద్ధతి మారాలి. ఎందుకో తెలియాలంటే, పల్లె పిల్లల చదువును కొలిచే అసర్ సర్వే 2024లో ఏం చెప్పిందో చూడండి. మన దేశపు పల్లెల్లో మూడో తరగతి పిల్లలు నలుగురిని తీసుకుంటే, రెండో తరగతి పాఠం చదవగలిగేది కాస్త అటూ ఇటూగా ఒక్కరు. మూడో తరగతి టీచర్ మూడో తరగతి పేజీ తెరిచిందంటే ఆ ఒక్కరి కోసమే తెరిచినట్టు.

ఇప్పుడు అభ్యంతరాలకు వద్దాం. మొదటిది, చాలా బరువైనది. పిల్లల్ని గుంపులుగా విడగొడితే వెనకబడిన గుంపుకు ముద్ర పడదా? పడుతుంది. రుజువు కూడా ఉంది. 1970లో రే రిస్ట్ అనే సమాజ శాస్త్రవేత్త అమెరికాలో ఒక బడి గురించి రాశాడు. బాలవాడి పిల్లలు. బడి మొదలై ఎనిమిదో రోజు. టీచర్ వాళ్లను మూడు బల్లల దగ్గర కూర్చోబెట్టింది. పరీక్ష పెట్టలేదు. బట్టలు, మాట తీరు, ఇంటి స్థితి చూసింది. దగ్గరి బల్ల తెలివైనవాళ్లది అయింది. రెండో తరగతికి వచ్చేసరికి కూడా వెనక బల్ల పిల్లలు వెనకే ఉన్నారు. ఇది వింటే ఎవరికైనా గుండె బరువెక్కుతుంది. మన దగ్గర ఆ బల్లల మీద కులం కూర్చోదని, తండా కూర్చోదని ఎవరు చెప్పగలరు? ఇక రెండో వైపు. కెన్యాలో డఫ్లో, డూపా, క్రెమర్ చేసిన అధ్యయనం 2011లో వెలువడింది. ఒకటో తరగతి పిల్లలను చదువు స్థాయిని బట్టి రెండు సెక్షన్లు చేశారు. పై సెక్షనూ బాగుపడింది, కింది సెక్షనూ బాగుపడింది. ఈ రెండు అధ్యయనాలూ ఎట్లా పొసగుతాయి? నాకు తోచింది ఇది. రిస్ట్ చూసిన టీచర్ పిల్లల రకాన్ని నిర్ణయించింది, వెనక బల్లకు పాఠం తగ్గించింది. కెన్యాలో పిల్లలున్న చోటు చూశారు, ఆ చోటి నుంచి పాఠం మొదలుపెట్టారు. కాబట్టి గుంపు చేయడానికి కొన్ని షరతులు పెట్టాలి. బట్టలను, ఇంటిపేరును చూసి చేయొద్దు, చదివించి చూసి చేయాలి. మొత్తం బడి సమయానికి చేయొద్దు, ఒక్క గంటకే చేయాలి. ఒక్క నైపుణ్యానికే చేయాలి. వత్తుల గుంపులో ఉన్న పాప కథ చెప్పే గుంపులో అందరికంటే ముందు ఉండొచ్చు. కొన్ని వారాలకు ఒకసారి మళ్లీ చదివించి గుంపు మార్చాలి. గుంపు మారని బడిలో గుంపులు చేయకపోవడమే మేలు.

రెండో అభ్యంతరం సార్ల నుంచి వస్తుంది. ఉన్నది ఒక్కరమో ఇద్దరమో, తరగతులు ఐదు, ఇందులో మళ్లీ గుంపులా అని. న్యాయమైన ప్రశ్నే. దీనికి జవాబు తెలుగు నేల మీదే ఉంది. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ. అక్కడి గ్రామీణ విద్యా కేంద్రంలో రామ, పద్మనాభరావు దంపతులు చుట్టుపక్కల పల్లెల్లోని ఏకోపాధ్యాయ బడుల కోసం ఒక పద్ధతి తయారుచేశారు. పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టారు. గోడ మీద ఒక నిచ్చెన బొమ్మ పెట్టారు. ఏ కార్డు తర్వాత ఏ కార్డో ఆ నిచ్చెన చూపిస్తుంది. తానెక్కడ ఉన్నదీ పిల్లకే తెలుస్తుంది. తన కార్డు తానే తెచ్చుకుంటుంది. కొత్త సంగతి నేర్చుకునేవాళ్లు టీచర్ దగ్గర కూర్చుంటారు. సాధన చేసేవాళ్లు తోటి పిల్లలతో కూర్చుంటారు. బాగా వచ్చినవాళ్లు సొంతంగా చేసుకుంటారు. నాలుగు రోజులు బడి మానిన పిల్ల తిరిగి వస్తే వదిలిన కార్డు దగ్గరే మొదలుపెడుతుంది. పత్తి ఏరే రోజుల్లో మన దగ్గర ఎంతమంది పిల్లలు బడికి రారో తలుచుకుంటే దీని విలువ తెలుస్తుంది. ఈ పద్ధతి నుంచే తమిళనాడు తన బడుల కోసం కృత్యాధార పద్ధతిని తీసుకుంది. ఒక్క టీచరే ఉన్న బడిలో ఐదు తరగతులకు ఐదు పాఠాలు ఎట్లాగూ చెప్పలేరు. అలాంటి బడిలో స్థాయిని బట్టి కూర్చోబెట్టడం వల్ల టీచర్ బరువు పెరగదు, తగ్గుతుంది.

మూడోది అభ్యంతరం కూడా కాదు, ఒక మరుపు. స్థాయి అంటే మనం తెలుగులో స్థాయే చూస్తాం. ఏటూరునాగారం వైపు కోయ పిల్లలు, తండాల్లో లంబాడా పిల్లలు, మట్టెవాడలో ఉర్దూ పిల్లలు తమ ఇంటి భాషలో కథ చెప్పగలరు, పొడుపుకథ విప్పగలరు, బేరమాడగలరు. అది వాళ్ల స్థాయిలో భాగం కాదా? గిడుగు రామమూర్తి ఈ ప్రశ్నకు నూరేళ్ల కిందటే జవాబిచ్చారు. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవర భాష నేర్చుకున్నారు. సవర పిల్లల కోసం వాచకాలు రాశారు. సొంత డబ్బుతో బడి నడిపారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో కోయ, గోండి, కొలామి, బంజారా, సవరతో కలిపి ఎనిమిది గిరిజన భాషల్లో బడి పాఠాలు మొదలుపెట్టారు. జిమ్ కమిన్స్ అనే పరిశోధకుడు 1979లోనే చెప్పాడు. ఒక భాషలో గట్టిపడిన చదువు రెండో భాషకు పనికొస్తుంది అని. ఇప్పుడు సర్కారు బడుల్లో ఇంగ్లిషు మీడియం వచ్చింది. పుస్తకంలో ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లిషు. తండా బాబుకు ఆ రెండు పేజీల్లో ఒక్కటీ ఇంటి భాష కాదు. య అక్షరం నేర్పేటప్పుడు యాడి అన్న మాట అతని నోట పలికించి, అది అమ్మ అని పక్క పిల్లకు చెప్పించడానికి ఏ జీవో అక్కర్లేదు. ఆగస్టు 29న గిడుగు పుట్టినరోజు. పక్షం తిరక్కుండానే సెప్టెంబర్ 9న మన వరంగల్ కాళోజీ పుట్టినరోజు. రెండూ భాషా దినోత్సవాలే. రెండు రోజులూ పూలదండలు వేస్తాం. వాళ్లిద్దరూ జీవితమంతా కొట్లాడింది జనం నోట ఉన్న భాషకు చోటు కోసం.

మరి మన బడుల్లో ఏం జరుగుతోంది? 2022 ఆగస్టు 15న తెలంగాణలో తొలిమెట్టు కార్యక్రమం మొదలైంది. ఒకటి నుంచి ఐదో తరగతి దాకా పిల్లలు చదవడం, రాయడం, లెక్కలు చేయడం ఎంతవరకూ వచ్చిందో ముందు చూసి, ఆ తర్వాత చెప్పాలన్నది దాని ఆలోచన. ఆలోచన సరైనదే. అయితే హర్యానా అనుభవం ఒకటి గుర్తు పెట్టుకోవాలి. దానికి ముందు బీహార్, ఉత్తరాఖండ్‌లలో స్థాయికి తగ్గ బోధన కోసం సర్కారు టీచర్లకు శిక్షణ, సామగ్రి ఇచ్చి ఊరుకుంటే ఫలితం రాలేదు. టీచర్లు ఆ సామగ్రిని తీసుకెళ్లి పాత పాఠంలోనే కలిపేశారు. 2012-13 విద్యా సంవత్సరంలో హర్యానాలో రెండు పనులు అదనంగా చేశారు. రోజుకో గంట దీనికే కేటాయించారు. ఆ గంటలో తరగతి గీతలు చెరిపేసి, స్థాయిని బట్టి కూర్చోబెట్టారు. బడులు తనిఖీ చేసే అధికారులు ముందు తామే కొన్ని వారాలు పిల్లలకు చెప్పి చూశారు. అప్పుడు హిందీ చదవడంలో మార్పు కనిపించింది. తనిఖీకి వచ్చినవారు రిజిస్టరు చూసి సంతకం పెట్టి పోతే టీచర్ రిజిస్టరే నింపుతారు. వచ్చినవారికి ఆ పనిలో పట్టు ఉంటే, సార్, ఈ నలుగురు వత్తుల దగ్గర ఆగారు, వీళ్లకు రేపు ఏం చేద్దాం అని టీచర్ అడుగుతారు.

అమ్మలూ, నాన్నలూ, మీకూ ఒక మాట. బడిలో మీటింగుకు పిలిస్తే ఎన్ని మార్కులు వచ్చాయి అని అడగడం మనకు అలవాటు. ఈసారి ఇంకొకటి అడగండి. మా పాప పోయిన నెల ఏ గుంపులో ఉంది, ఈ నెల ఏ గుంపులో ఉంది? చదవడం దగ్గర ఆగుతోందా, అర్థం దగ్గర ఆగుతోందా? టీచర్ దగ్గర జవాబు ఉంటే కృతజ్ఞతలు చెప్పండి. లేకపోతే, వచ్చే నెల మళ్లీ అడుగుతామని నవ్వుతూ చెప్పి రండి.